రాయలసీమ నుంచి సెలబ్రిటీ స్టైలిస్ట్ అవ్వాలంటే: దారి ఎట్లా, చేతిలో ఎంత మిగులుతుంది

ప్రీ రిలీజ్ ఈవెంట్‌లో హీరోయిన్ కట్టిన చీర ఫొటో ఫోన్‌లో పట్టుకుని మర్నాడే బొటిక్‌కి వచ్చి "అక్కా, ఇదే కావాలి" అనేవాళ్లు కర్నూలులోనూ ఉన్నారు, కడపలోనూ ఉన్నారు. ఆ చీర ఎవరు ఎంచారు, ఆ మనిషికి ఎంత ముట్టింది అని అడిగేవాళ్లు తక్కువ. మీరు ఆ రెండో ప్రశ్న అడిగే రకం అయితే ఇది మీకోసమే. ముందే చెప్పేస్తా, ఈ పనిలో ఫీజు వేరు, మిగులు వేరు. ఆ తేడా తెలియకుండా హైదరాబాద్ బస్సెక్కినవాళ్లలో చాలామంది చేతిలో డబ్బు అయిపోయి వెనక్కి వస్తారు, పని రాక కాదు. అందుకే నేను చెప్పే దారి అనంతపురంలోనో కడపలోనో సంపాదన మొదలుపెట్టి, తర్వాత సినిమా వైపు పోయేది.

ముందు ఏ పని చేయాలనుకుంటున్నారో తేల్చుకోండి

అన్నిటినీ కలిపి "ఫ్యాషన్ డిజైనింగ్" అనేస్తారు మనవాళ్లు. లోపల మూడు నాలుగు వేరువేరు పనులున్నాయి. కాస్ట్యూమ్ డిజైనర్ కథలోని పాత్రకు బట్టలు ఆలోచిస్తారు, డైరెక్టర్‌తో కూర్చుంటారు, వీళ్లకు ప్రొడ్యూసర్ సినిమా మొత్తానికి మాట్లాడుకుని డబ్బిస్తారు. కాస్ట్యూమర్ సెట్‌లో ఉంటారు: బట్టలు ఇస్త్రీ, ఏ సీన్‌లో ఏ చొక్కా, గుండీ పెట్టుకున్నాడా లేదా అనే కంటిన్యుటీ అంతా వీళ్లదే, సినిమా రంగంలోని 24 క్రాఫ్ట్స్‌లో (పని విభాగాల్లో) కాస్ట్యూమ్స్ ఒకటి కాబట్టి ఇక్కడ యూనియన్ కార్డు గొడవ ఉంటుంది. స్టైలిస్ట్ అంటే తారకు సొంతంగా పనిచేసే మనిషి. ఈవెంట్‌కి, ఇంటర్వ్యూకి, ఫొటోషూట్‌కి, యాడ్‌కి, ఎయిర్‌పోర్ట్‌లో దిగేటప్పుడు ఏం వేసుకోవాలో చూసేది ఈ మనిషే. స్టైలిస్ట్ చాలాసార్లు బట్టలు కుట్టించరు, ఎక్కడెక్కడివో తెచ్చి కలుపుతారు, వాడాక తిరిగి ఇస్తారు.

డబ్బు ఎవరిస్తారన్నది కూడా పనిని బట్టి మారుతుంది. సినిమా ప్రమోషన్ అయితే ఎక్కువగా ప్రొడక్షన్ వాళ్లు, యాడ్ అయితే బ్రాండో దాని ఏజెన్సీయో, సొంత ఫంక్షన్ అయితే ఆ తారే. పని ఒప్పుకునే ముందే "బిల్లు ఎవరి పేరు మీద వేయాలి అండీ" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్న అడగనివాళ్లు మేనేజర్‌కీ ప్రొడక్షన్ ఆఫీసుకీ మధ్య నెలల తరబడి తిరుగుతుంటారు.

చదువు గురించి క్లుప్తంగా

కేంద్ర ప్రభుత్వ ఫ్యాషన్ కాలేజీ నిఫ్ట్‌లో సీటు వస్తే మంచిదే. మాధాపూర్‌లో ఉన్న హైదరాబాద్ నిఫ్ట్ 1995లో మొదలైంది, నాలుగేళ్ల బీడిజైన్ డిగ్రీకి ఇంటర్ ఏ గ్రూప్ అయినా చాలు, స్టైలింగ్‌కి దగ్గరగా ఉండేది ఫ్యాషన్ కమ్యూనికేషన్. ఫీజు మాత్రం మామూలు ఇంటికి భారమే. గుడ్డ మీద ఆసక్తి ఉంటే వెంకటగిరిలో చేనేత టెక్నాలజీ డిప్లొమా ఉంది, దాన్ని మనవాళ్లు పట్టించుకోరు. రెండూ కుదరకపోయినా ఆగిపోనక్కర్లేదు, ఈ రంగంలో సర్టిఫికెట్ కన్నా మీరు చేసిన పని ఫొటోలే ఎక్కువ మాట్లాడతాయి. కానీ ఒక ఆరు నెలలు మంచి లేడీస్ టైలర్ దగ్గర కూర్చోండి. డార్ట్ (ఒంటికి అతికేలా వేసే మడత కుట్టు) ఎక్కడ వేయాలి, భుజం జారితే ఎక్కడ పట్టాలి, లైనింగ్ ఎందుకు లాగుతోంది అన్నవి తెలియని స్టైలిస్ట్ ఫిట్టింగ్ రోజున టైలర్ మొహం చూస్తూ నిలబడాల్సిందే. మూడు నెలల సర్టిఫికెట్‌కి లక్షలు అడిగి "సెలబ్రిటీలతో పని చేయిస్తాం" అనే ఇన్‌స్టిట్యూట్‌లు ఉంటాయి, అలాంటి చోట గత బ్యాచ్ పిల్లలు ఇప్పుడు ఏం చేస్తున్నారో అడిగి చూడండి, జవాబు సరిగ్గా రాకపోతే లేచి వచ్చేయండి.

గుడ్డ తెలుసుకోండి, ఇది మన ఊళ్ల దగ్గర ఉచితంగా దొరికే చదువు

హైదరాబాద్‌లో పెరిగిన అసిస్టెంట్‌కి లేనిది మీకు ఒకటి ఉంది. అనంతపురం నుంచి గంట ప్రయాణంలో ధర్మవరం. 2022లో జిల్లాలు విడిపోయాక అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ మనకు దూరం పెరగలేదు కదా. షాపులకు కాదు, మగ్గాలున్న ఇళ్లకు వెళ్లండి. రెండు రంగుల దారాలతో నేసిన చీర ఒక వైపు నుంచి ఒక రంగు, ఇంకో వైపు నుంచి ఇంకో రంగు ఎందుకు కొడుతుందో నేతగాడు మగ్గం మీదే చూపిస్తాడు. అసలు జరీలో వెండి తీగ ఉంటుందని, ఇమిటేషన్ జరీలో రాగి ఉంటుందని, చేతిలో బరువు ఎట్లా తేడా వస్తుందో అక్కడే తెలుస్తుంది. పట్టు పోగు కాలిస్తే వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది, పాలిస్టర్ అయితే కరిగి గట్టి ఉండలా అంటుకుంటుంది. కడప వైపు వాళ్లు సిద్ధవటం దగ్గరి మాధవరం చీరలు చూడండి. కర్నూలు వైపు వాళ్లు ఎమ్మిగనూరు, మాచాని సోమప్ప 1938లో మొదలుపెట్టిన చేనేత సహకార సంఘం ఉన్న ఊరు అది. చేనేతతో పాటు రాయదుర్గం కూడా పోయి రండి, అక్కడ జీన్స్ యూనిట్లలో కటింగ్ ఎట్లా చేస్తారు, వాష్ ఎట్లా వేస్తారు, జేబు ఎందుకు ఎత్తుగా కుడతారు అన్నవి ఒక పూటలో అర్థమవుతాయి, హీరోలకు స్టైలింగ్ చేయాలంటే ఈ జ్ఞానమే అన్నం పెడుతుంది.

ఇది ఊరి మీద ప్రేమతో చెప్పే మాట కాదు, మార్కెట్ ఉంది. మహానటి సినిమాకు కాస్ట్యూమ్స్‌లో జాతీయ అవార్డు పంచుకున్న ముగ్గురిలో గౌరంగ్ షా ఒకరు, ఆయన పేరు చేనేతతోనే ముడిపడి ఉంది. మిగతా ఇద్దరు ఇంద్రాక్షి పట్నాయక్, అర్చనా రావు. పాత కాలం చీర ఎట్లా పడుతుందో తెలిసినవాళ్లకే అలాంటి పని వస్తుంది.

దాంతోపాటు కెమెరా ముందు గుడ్డ ఎట్లా మారుతుందో నేర్చుకోండి. సన్నటి గళ్లు, సన్నటి చారలు వీడియోలో పురుగులు పాకినట్టు కదులుతాయి. ఒంటినిండా జరీ ఉంటే లైటు పడ్డప్పుడు మొహం కన్నా చీరే మెరుస్తుంది. వెనక గ్రీన్ మ్యాట్ (తర్వాత వేరే దృశ్యం కలపడానికి కట్టే పచ్చ తెర, పచ్చగా ఉన్నదంతా దాంట్లో కలిసి మాయమవుతుంది) ఉందని ముందే కనుక్కోకుండా ఆకుపచ్చ బ్లౌజ్ పట్టుకెళ్తే ఇక ఆ రోజు మీ పేరు సెట్‌లో అందరికీ తెలిసిపోతుంది, మంచి కారణానికి కాదు. ఇవన్నీ ఫోన్ కెమెరాతో ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు.

మొదటి సంపాదన పెళ్లిళ్లలో వెతుక్కోండి

స్టార్‌కి చేయబోయే పనికి పెళ్లికూతురు పని రిహార్సల్ లాంటిది: టైమ్ టెన్షన్, చుట్టూ పదిమంది సలహాలు, అద్దెకు తెచ్చిన నగలు, చివరి నిమిషంలో సరిపోని బ్లౌజ్, అన్నీ ఉంటాయి. ముహూర్తం చీర, తలంబ్రాల చీర, రిసెప్షన్, హల్దీ, సంగీత్, ప్రీ వెడ్డింగ్ షూట్ కలిపి చూస్తే ఒక్క పెళ్లిలోనే అరడజను లుక్స్. అనంతపురంలోనూ ప్రొద్దుటూరులోనూ పెళ్లి అంటే నగల దగ్గర వెనకాడరు, కానీ ఏ నగ ఏ చీర మీదకో చెప్పే మనిషి మాత్రం చుట్టాల్లోంచే వస్తుంది. ఆ ఖాళీ మీది.

చేయాల్సిన పని ఇది. పెళ్లికి రెండు నెలల ముందు ఇంటికి వెళ్లి అన్ని చీరలూ పరిచి ఫొటోలు తీసుకోండి. మగ్గం వర్క్‌కి టైమ్ పడుతుంది కాబట్టి బ్లౌజులు ముందు తేల్చండి, ఫాల్, పీకో, కుచ్చులు ఎవరికి ఎప్పుడు ఇచ్చారో ఒక కాగితం మీద రాసుకోండి. పెళ్లికి వారం ముందు ఒక ట్రయల్ తప్పనిసరి. చీర ముందురోజే మడతలు పెట్టి పిన్ను చేసి ఇస్త్రీ చేసి ఉంచితే తెల్లవారుజామున నాలుగింటి ముహూర్తానికి కూడా తొందర ఉండదు.

రేటు దగ్గర మాత్రం గట్టిగా ఉండాలి. "ఏం పాపా, చీర కట్టేదానికి ఇంతా?" అని పెళ్లికూతురి అమ్మో అత్తో తప్పకుండా అంటారు. అప్పుడు గొడవ పడకండి, "కట్టేదానికి కాదు పెద్దమ్మా, రెండు నెలల ముందు నుంచి చూసుకునేదానికి" అని నవ్వుతూ చెప్పి, ఏమేం చేస్తారో రాసిన కాగితం ఆమె చేతిలో పెట్టండి. సగం అడ్వాన్స్ లేనిదే తేదీ రాసుకోకండి. చుట్టాల పెళ్లిళ్లు మొదట్లో ఒకటి రెండు ఉచితంగా చేయొచ్చు, ఆ తర్వాత వాళ్లకూ రేటే. కాస్త తగ్గించండి, ఫ్రీ మాత్రం వద్దు.

ఇంకో సంగతి, ఇది ఎవరూ చెప్పరు. పెళ్లిళ్ల క్యాలెండర్, సినిమాల క్యాలెండర్ ఒకదానికొకటి అడ్డు రావు. ధనుర్మాసంలో ముహూర్తాలు ఉండవు, సంక్రాంతి సినిమాల ప్రమోషన్లు సరిగ్గా అప్పుడే ఊపులో ఉంటాయి, స్టైలిస్టులకు చేతులు చాలక అసిస్టెంట్లను వెతుక్కునేది ఆ రోజుల్లోనే. ఆషాఢంలోనూ ఇక్కడ ఖాళీనే. అంటే మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం, కార్తీకం మీ ఊళ్లో సంపాదించి, మధ్యలో ఖాళీ నెలలు హైదరాబాద్‌లో నేర్చుకోవచ్చు. కర్నూలు నుంచి హైదరాబాద్ హైవే మీద రెండు వందల కిలోమీటర్లకు కాస్త ఎక్కువ, అనంతపురం వాళ్లకు బెంగళూరు అంతే దూరం. అక్కడ చిక్‌పేట పట్టు, కమర్షియల్ స్ట్రీట్ సరుకు ఉన్నాయి. రెండు నగరాల మధ్యలో ఉండటం లాభంగా వాడుకోండి.

ఫొటోలు: తక్కువ చేయండి, రకరకాలుగా చేయండి

పెళ్లి ఫొటోలు ఒక్కటే చూపిస్తే సినిమా వాళ్లు "బ్రైడల్" అని పక్కన పెట్టేస్తారు. మీ ఊరి ఫొటోగ్రాఫర్, మేకప్ అమ్మాయి, మోడల్‌గా నిలబడే స్నేహితులు కలిసి, ఎవరూ ఎవరికీ డబ్బు ఇవ్వకుండా, నాలుగైదు షూట్‌లు చేయండి. ఒకటి చేనేత చీరను ఇవాళ్టి పద్ధతిలో, ఒకటి మగవాళ్లది, ఒకటి పూర్తిగా వెస్టర్న్. ఇంకొకటి కడప వై.వి. స్ట్రీట్‌లోనో కర్నూలు పాతబస్తీలోనో తక్కువ డబ్బుతో కొన్న బట్టలతోనే చేయాలి, ఎందుకంటే బడ్జెట్ లేకుండా చేయగలరా అన్నదే స్టైలిస్ట్ మొదట చూసేది. సన్నగా పొడుగ్గా ఉన్న మోడల్ మీదే అన్నీ చేయకండి, పొట్టిగా లావుగా ఉన్నవాళ్ల మీద చేసిన పని మీ చేతి నేర్పు చూపిస్తుంది.

గండికోట, ఓర్వకల్లు రాళ్లు, లేపాక్షి, అన్నీ బాగుంటాయి. లేపాక్షి గుడి లాంటి పురావస్తు శాఖ కట్టడాల్లో పెద్ద కెమెరాలతో షూట్‌కి అనుమతి కావాలి, అది ముందే చూసుకోండి. ఫొటో పెట్టినప్పుడు టైలర్ దాకా అందరి పేర్లూ రాయండి.

అసిస్టెంట్‌గా చేరేటప్పుడు

మీకు నచ్చిన స్టైలిస్టులు ఓ పదిహేను మందిని ఎంచుకుని, వాళ్లు గత ఆరు నెలల్లో చేసిన పని చూశాకే రాయండి. "ఒక్క ఛాన్స్ ఇవ్వండి మేడం ప్లీజ్" అన్న మెసేజ్‌లు వాళ్లకు రోజూ వస్తాయి, తెరవను కూడా తెరవరు. ఇలా రాయండి: "నమస్తే మేడం, నాది అనంతపురం. పెళ్లిళ్లకు స్టైలింగ్ చేస్తున్నాను, చీర డ్రేపింగ్, ఆల్టరేషన్ చేతనవును. డిసెంబర్ 10 నుంచి జనవరి 15 దాకా హైదరాబాద్‌లో ఉంటాను. మీకు రిటర్న్స్‌కి, ఫిట్టింగ్స్‌కి మనిషి కావాలంటే వస్తాను. ఆరు పేజీల పీడీఎఫ్ పెట్టాను." తేదీలు ఉన్నాయి, చేతనైన పని ఉంది, అవసరం వాళ్లది అన్నట్టు ఉంది. జవాబు రాకపోతే పది రోజుల తర్వాత ఒక్కసారి గుర్తు చేయండి, అంతే.

చేరాక పనిలో గ్లామర్ ఏమీ ఉండదు. బంజారాహిల్స్ డిజైనర్ స్టోర్‌లో బట్టలు లెక్కపెట్టి తెచ్చుకోవడం, సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో మ్యాచింగ్ లేసు వెతకడం, రాత్రి స్టీమర్ పట్టుకుని నిలబడటం, మర్నాడు పొద్దున మళ్లీ అన్నీ తిరిగి అప్పజెప్పడం. మీ సంచిలో ఎప్పుడూ ఉండాల్సినవి సేఫ్టీ పిన్నులు మూడు సైజుల్లో, డబుల్ టేప్, సూది దారం, చిన్న కత్తెర, చర్మం రంగు లోదుస్తులు, చాక్ పీసు, బట్ట మీద మరక తుడిచే వైప్స్, షూ అడుగున అంటించే ప్యాడ్‌లు.

మొదట్లో ఇచ్చేది హాస్టల్ అద్దెకు, తిండికి, తిరగడానికి సరిపోతే అదృష్టమే అనుకోండి. కొన్నిచోట్ల దారి ఖర్చులు తప్ప ఏమీ ఇవ్వరు. అలాంటి చోట ఒక్క సీజన్ చేయండి, అంతకు మించి వద్దు. యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ వైపు ఉంటే స్టూడియోలకు దగ్గర.

మూడు విషయాల్లో మాత్రం మొహమాటం వద్దు. స్టోర్ నుంచి బట్టలు తెచ్చేటప్పుడు డిపాజిట్‌కి మీ సొంత కార్డు పెట్టకండి, అది స్టైలిస్ట్ పేరు మీదే ఉండాలి. అద్దె నగలు చేతికి తీసుకునే ముందు, తిరిగి ఇచ్చేటప్పుడు ప్రతి ముక్కనీ వీడియో తీసి, లిస్టు మీద సంతకం పెట్టించుకోండి. ఇక అవకాశం ఇప్పిస్తామని డబ్బు అడిగినా, మొదటి మీటింగే హోటల్ రూమ్‌లో అన్నా వెళ్లకండి, నిజంగా పనున్నవాళ్లు ఆఫీసుకో స్టోర్‌కో రమ్మంటారు.

ఫీజు ఎంత, మిగులు ఎంత

ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి. స్టైలిస్ట్‌కి డబ్బు వచ్చే పద్ధతులు ప్రధానంగా నాలుగు: లుక్‌కి ఇంత, రోజుకి ఇంత, ప్రాజెక్టుకి ఇంత, నెలకు ఇంత అని రిటైనర్. పెద్ద తారలకు చేసేవాళ్లు ఎక్కువగా లుక్ లెక్కన, యాడ్‌లు రోజు లెక్కన, సినిమాలు ప్రాజెక్టు లెక్కన మాట్లాడతారు. వీటిలో యాడ్ డబ్బే బాగుంటుంది, అందుకే అందరూ అక్కడికి పోవాలని చూస్తారు.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. అంకెలు లెక్క అర్థం కావడానికి నేను వేసుకున్నవి, రేటు కార్డు అనుకోవద్దు. ఒక కొత్త హీరోయిన్ సినిమా ప్రమోషన్‌కి మూడు లుక్స్, లుక్‌కి 20,000 చొప్పున 60,000 అన్నీ కలిపి మాట్లాడుకున్నారు. వేరే ఊరి డిజైనర్ దగ్గర నుంచి బట్టల కొరియర్ రానూ పోనూ 4,000, ఆల్టరేషన్ 4,500, చెప్పులు, లోదుస్తులు కొన్నవి 6,000, నగల అద్దె 5,000, క్యాబ్‌లు 5,500, డ్రైక్లీనింగ్ 3,000, సాయం వచ్చిన అసిస్టెంట్‌కి 5,000. మొత్తం 33,000. మిగిలింది 27,000. అందులోనూ ప్రొడక్షన్ వాళ్లు 60,000 మీద 10 శాతం టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే కోసుకునే ఆదాయపన్ను) పట్టుకుంటే బిల్లు వచ్చినప్పుడు చేతిలో ఉండే మిగులు 21,000, ఆ 6,000 ఆదాయపన్ను రిటర్న్ వేశాకే లెక్కకు వస్తుంది. లుక్ ఆలోచించడం నుంచి బట్టలు తిరిగి ఇచ్చేదాకా పది రోజులు పట్టిందనుకుంటే రోజుకి 2,700. పైగా ఆ 33,000 ముందు మీ జేబులోంచి పోయింది, బిల్లు డబ్బు రెండు నెలల తర్వాత వస్తుంది. ఇలాంటి పనులు ఒకేసారి నాలుగు ఒప్పుకుంటే ఇన్‌స్టాలో మీరు బిజీ స్టైలిస్ట్, ఇంట్లో మాత్రం అప్పు.

కాబట్టి "అన్నీ కలిపి" అనే మాటకు ఒప్పుకోకండి. ఫీజు వేరు, ఖర్చులు వేరు. ఖర్చులకు ముందే అడ్వాన్స్, చివర్లో రసీదులతో లెక్క. వాళ్లు కుదరదంటే ఖర్చును ముందే వేసుకుని ఫీజు పెంచి చెప్పండి. ఎన్ని ఆప్షన్లు చూపిస్తారు, ఎన్ని ఫిట్టింగులు, ఈవెంట్ వాయిదా పడితే ఏంటి, అన్నీ వాట్సాప్‌లో అయినా సరే రాతలో ఉండాలి.

పైన చెప్పనివి ఇంకో రెండున్నాయి. ఒకటి బార్టర్, అంటే బొటిక్ వాళ్లు బట్టలు ఊరికే ఇస్తారు, పోస్టులో ట్యాగ్ చేస్తే చాలంటారు. యాంకర్లు, సీరియల్ ఆర్టిస్టుల దగ్గర ఇది బాగా నడుస్తుంది, మీకు ఖర్చు తగ్గుతుంది, ఫీజు మాత్రం మీరు విడిగా అడగాల్సిందే. రెండోది, షాపు వాళ్లు చాటుగా ఇచ్చే కమీషన్. క్లయింట్ డబ్బుతో కొన్నదాని మీద వాళ్లకు చెప్పకుండా కమీషన్ తీసుకోవద్దన్నది నా అభిప్రాయం. పెళ్లి ఇళ్లలో అయితే ఇది వారంలో ఊరంతా తెలుస్తుంది.

కాగితాలు

పాన్ ఇవ్వకపోతే టీడీఎస్ 10కి బదులు 20 శాతం కోస్తారు. కోసింది ఆదాయపన్ను వెబ్‌సైట్‌లో మీ పేరు మీద కనిపిస్తుందో లేదో చూసుకుని ఏటా రిటర్న్ వేయండి, మీ ఆదాయానికి పన్ను పడకపోతే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. సంవత్సరానికి మీ బిల్లులు 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. చిన్న సంస్థలకు కేంద్రం చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ మాత్రం వెంటనే చేసుకోండి, ఆధార్, పాన్ చాలు, పైసా ఖర్చు లేదు, "చేయించి పెడతాం" అని డబ్బు అడిగే సైట్‌లు నమ్మకండి. చిన్న సంస్థలకు 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలని చట్టం ఉంది. కొత్తగా వచ్చినవాళ్లు ప్రొడక్షన్ హౌస్ మీద ఫిర్యాదు దాకా వెళ్లరనుకోండి, అయినా బిల్లు మీద ఉద్యమ్ నంబర్ ఉంటే అకౌంట్స్ వాళ్లు దాన్ని అడుగున పెట్టరు, ఎందుకంటే గడువులోపు కట్టకపోతే వాళ్ల పన్ను లెక్కలోనే ఇబ్బంది.

ఆ తర్వాత ఎటు పోవచ్చు

రెండు మూడేళ్లు అసిస్టెంట్‌గా చేశాక సొంత క్లయింట్లు వస్తారు, పెద్ద హీరోయిన్ కాదు, యాంకర్లు, ఇన్‌ఫ్లుయెన్సర్లు, అప్పుడే వస్తున్న ఆర్టిస్టులు. వీళ్లను చిన్నచూపు చూడకండి, ఇవాళ్టి సైడ్ క్యారెక్టర్ అమ్మాయికి రేపు హిట్ వస్తే ఆమెతోపాటు మీరూ పైకి వెళ్తారు.

అక్కడి నుంచి దారులు చీలతాయి. స్టైలింగ్‌లోనే ఉండి యాడ్‌లు, బ్రాండ్‌ల వైపు పోవచ్చు. కథలంటే ఇష్టమైతే కాస్ట్యూమ్ డిజైన్‌కి మారొచ్చు, రమా రాజమౌళి బాహుబలి లాంటి సినిమాలకు చేసింది ఆ పనే. స్టైలిస్ట్‌గా పేరు తెచ్చుకున్న నీరజ కోన 2025లో తెలుసు కదా సినిమాకు దర్శకత్వమే చేశారు. ఇవన్నీ హైదరాబాద్ దారులు. అన్నిటికన్నా డబ్బు నిలకడగా ఉండేది, ఎవరూ గొప్పగా చెప్పుకోనిది ఇంకొకటి ఉంది: నాలుగేళ్లు సినిమా వాళ్లకు పనిచేసిన పేరుతో అనంతపురంలోనో ప్రొద్దుటూరులోనో బ్రైడల్ స్టూడియో పెట్టి, ఇద్దరు టైలర్లను, మగ్గం వర్క్ చేసే ఒకరిని పెట్టుకోవడం. అప్పుడు పెళ్లివాళ్లు రేటు అడిగే తీరే మారిపోతుంది. అడ్వాన్స్ కూడా మీరు అడగకముందే తీసిస్తారు.